ఊంపా-లూంపాల రంగు

బాలల కొరకు తీసిన అద్భుత చిత్రాలలో 1971లో వెలువడిన 'విల్లీ వాంకా అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ' చిరకాలం నిలిచినది. దర్శకుడు మెల్ స్టువార్ట్. వాంకాగా నటించినవాడు జీన్ వైల్డర్. 1964లో వెలువడిన రోల్డ్ డాల్ నవల దీనికి మూలం. ఎవరినీ లోనికి రానీయని చాక్లెట్ కర్మాగారాన్ని చూచేందుకు లోకం మొత్తానికి ఐదు బంగారు చీట్లు. అవి దొరికిన ఐదుగురు పిల్లల యాత్రయే కథ.

చీట్ల కొరకు లోకమంతా గాలించినట్లు చిత్రం చూపుతుంది. కాని ఐదుగురూ తెల్లజాతి పిల్లలే. ఒక చీటీ పరాగ్వేలో దొరికినదని వార్త వచ్చి, అది దొంగచీటీ అని తేలుతుంది. ఆ మోసగానిదంటూ చూపిన ఛాయాచిత్రం నాజీ నాయకుడు మార్టిన్ బోర్మన్‌ది! అది చిత్రం తీసినవారి కొంటెతనం. డాల్ తొలి చిత్తుప్రతిలో కథానాయకుడు చార్లీ నల్లజాతి బాలుడని ఆయన భార్య ఫెలిసిటీ 2017లో వెల్లడించినారు. ఆ బాలుడు అచ్చుకు ఎక్కలేదు.

లేనివారి సంగతి అటుంచి, ఉన్నవారి సంగతి మరింత చింతింపదగినది. నవల తొలి ముద్రణలో కర్మాగారపు పనివారైన ఊంపా-లూంపాలు ఆఫ్రికా అడవులలోని పిగ్మీలు. వాంకా వారిని పెట్టెలలో దాచి రవాణా చేయించి, కోకో గింజలే కూలిగా ఇచ్చి పని చేయించుకుంటాడు. బానిసల ఓడల చరిత్ర ఎరిగినవారు దీనిని చదివి నవ్వలేరు. చిత్రనిర్మాణ సమయంలో అమెరికాలోని నల్లజాతివారి హక్కుల సంఘం అభ్యంతరం తెలిపినది. చిత్రంలో ఆ పనివారి ముఖాలకు నారింజరంగు, తలలకు ఆకుపచ్చని జుట్టు వచ్చినవి. 1973 ముద్రణలో డాల్ సైతం వారికి గులాబీవన్నె తెల్లని చర్మం కల్పించినాడు.

రంగు మారినది గాని సంబంధం మారలేదు. క్రూరమృగాల బారినుండి వారిని కాపాడి తెచ్చినానని తెరమీది వాంకా చెప్పుకుంటాడు. వారిలో ఒక్కనికైనా పేరు లేదు. తప్పు చేసిన పిల్లలకు బుద్ధి చెప్పే పాటలు పాడడమే వారి వంతు. చివర వాంకా కర్మాగారంతోపాటు ఊంపా-లూంపాల బాగోగులను కూడ చార్లీకి అప్పగిస్తాడు. ఈ అప్పగింతకు వారి సమ్మతిని అడిగినవారు లేరు.

నవలలో భారతీయుడు ఒక్కడు కలడు: చాక్లెట్‌తో కోట కట్టించుకొని, అది ఎండకు కరగగా మునిగిన పాండిచ్చేరి రాజకుమారుడు. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరికి రాజకుమారుని కల్పించడం డాల్ చమత్కారం. 1971 చిత్రంలో అతడు కనపడడు. 2005లో టిమ్ బర్టన్ తీసిన చిత్రంలో ఉన్నాడు. ఆ చిత్రంలోనే నైరోబీలో భారతీయ దంపతులకు జన్మించిన దీప్ రాయ్ ఊంపా-లూంపాలందరి పాత్రలనూ తానొక్కడే ధరించినాడు. భారతీయ సంతతి నటునికి అంత చోటు లభించినది. కాని ఆ వందలాది పనివారికి ముఖం మాత్రం ఒక్కటే.

ఈ నవలను తెనిగింపబూనిన అనువాదకునికి మొదటి చిక్కు మూలప్రతి ఎంపికలోనే ఎదురవుతుంది. 1964 నాటి ప్రతిలో నేరం బాహాటంగా కనిపిస్తుంది. 1973 ప్రతిలో ఆఫ్రికా పేరు మాయమైనది. పెట్టెల ప్రయాణం, కోకో గింజల కూలి అట్లే ఉన్నవి.