బొమ్మకారుకు అద్దకం

మా బేస్‌మెంటులో ఒక పాత స్టీలు గిన్నె ఉంది. దానిమీద నల్ల మార్కరుతో "వంటకు కాదు" అని మా ఆవిడ తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసింది. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, ఇదేమిటండీ అని అడుగుతూంటారు. అడిగినవారందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి పత్రికకు రాసేస్తే సరిపోతుంది గదా అనిపించింది. పైగా పోయిన నెల ఆ గిన్నె మళ్ళీ పొయ్యి ఎక్కింది.

1986 వేసవి మాట. మా పెద్దవాడికి అప్పుడు పదమూడేళ్ళు. పొద్దున్నే లేచి ఇంటింటికీ పేపరు వేసి, కూడబెట్టిన డబ్బుతో ఒక రేడియో కంట్రోల్ కారు కొనుక్కొచ్చాడు. సెకండ్‌హాండుది. ఆ రోజుల్లో మన పిల్లలున్న ఇళ్ళలో ఇవి బాగా వ్యాపించాయి. జపానులో టామియా వారు 1976లో పోర్షే 934 కారుతో ఈ ఎలక్ట్రిక్ బొమ్మకార్ల సంరంభానికి తెర తీశారు. తర్వాత 1984లో కాలిఫోర్నియా నుంచి టీమ్ అసోసియేటెడ్ వారి ఆర్‌సీ10 వచ్చింది. మావాడు తెచ్చింది అదే. బంగారు రంగు అల్యూమినియం తొట్టె, దానికి నాలుగువైపులా తెల్లటి నైలాన్ చేతులు. చేతులంటే చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే సస్పెన్షన్ ఆర్మ్‌లు. మరుసటి ఏడే, అంటే 1985లో, కాలిఫోర్నియాలోని డెల్‌మార్‌లో జరిగిన మొదటి ప్రపంచ ఆఫ్‌రోడ్ పోటీలో టూవీల్ డ్రైవ్ విభాగం గెలిచింది ఈ కారే. ఈ వివరాలన్నీ నాకు అప్పుడు తెలియవు. నాకు తెలిసిందల్లా లెక్కల పుస్తకం ముట్టని కొడుకు, వందడాలర్ల పైన పోసి కొన్న బొమ్మ.

మందలించాను. కొంచెం గట్టిగానే. వాడు మాట్లాడటం మానేశాడు. భోజనాల దగ్గర "పాస్ ద రైస్" తప్ప మరో మాట లేదు.

వారం తరువాత పార్కింగ్ లాటులో జరిగే వాళ్ళ పందేనికి దింపడానికి వెళ్ళాను. పది కార్లలో ఆరు ఇలాంటివే. అన్నిటికీ తెల్ల చేతులే. దుమ్ము లేచేసరికి ఏది ఎవరిదో తెలియక మావాడు మరొకడి కారు చూస్తూ తన కారును గోడకు కొట్టాడు. వచ్చేటప్పుడు కారులో కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. అక్కడి పెద్దపిల్లలు కొందరు తెల్ల ముక్కలకు గుడ్డల రంగు వేసుకుంటున్నారని మాత్రం చెప్పాడు. అది రాజీకి దొరికిన సందు అనుకున్నాను. మర్నాడు సూపర్‌మార్కెట్టు నుంచి రిట్ నీలంరంగు పెట్టె ఒకటి తెచ్చాను.

ఇక నా ఘనకార్యం వినండి. ఇంజనీరుననే ధైర్యం ఒకటి. వాడు స్కూల్లో సమ్మర్ క్లాసుకు వెళ్ళినప్పుడు, ఆశ్చర్యపరుద్దామని, కారు విప్పి తెల్లగా కనిపించిన ప్రతి ముక్కనూ కుతకుత ఉడుకుతున్న నీళ్ళలో పడేశాను. నూలుగుడ్డలకు ఉప్పు వేస్తారని ఎక్కడో విన్న గుర్తు, గుప్పెడు ఉప్పు వేశాను. అరగంట తర్వాత తీసి చూస్తే చేతులు బొల్లి వచ్చినట్టు మచ్చలు మచ్చలుగా, వెలిసిపోయిన ఆకాశంరంగులో ఉన్నాయి. రిసీవరు దాచడానికి పాత యజమాని బిగించుకున్న చిన్న పెట్టె గిన్నె అడుగుకు అతుక్కుని అప్పడంలా వంకర తిరిగింది. ఆ గిన్నె మా ఆవిడ పప్పు గిన్నె.

ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో రాయను. సంసారులందరికీ తెలిసినదే.

ఆ వేసవిలో మా అమ్మ చీరాల నుంచి వచ్చి మా దగ్గర ఉంది. అమ్మ పుట్టిల్లు అద్దకం పనివారి ఇల్లు. మా తాతగారు నేతగాళ్ళకు నూలు అద్దిచ్చేవారు. చీరాల అంటే ఒకప్పుడు తేలియా రుమాళ్ళకు పేరు. ఆ నూలును రంగులో పెట్టడానికి ముందు, నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో రోజుల తరబడి తడుపుతూ, పిండుతూ, ఆరబెడుతూ ఉండేవారు. రంగు వేయడం ఒక పూట పనైతే, రంగుకు సిద్ధం చేయడం పక్షాల పని. ఆ ఇంట్లో పెరిగిన మనిషి అమెరికా వచ్చి, నాలుగు గోడల మధ్య టీవీ చూడలేక, మాటకు మనిషి దొరకక కూర్చుని ఉంది. మనవడికి తెలుగు అర్థమవుతుంది గాని మాట రాదు. ఆవిడకు ఇంగ్లీషు బొత్తిగా రాదు. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే అప్పటిదాకా.

అమ్మ ఆ మచ్చల చేతిని తీసుకుని వేళ్ళతో రాసి చూసింది. వాసన చూసింది. "ఒరే, దీనికి జిడ్డుంది. కడగలేదు నువ్వు. తడపలేదు కూడా. పొడిగా తీసుకెళ్ళి రంగులో పడేస్తే ఏ నూలైనా ఇంతే" అంది. నూలు కాదమ్మా, ప్లాస్టిక్కు అన్నాను. ఆ పెట్టెమీద ఏం రాసిందో చదవమంది. నేను చదవబోతే, "నువ్వు కాదు, వాణ్ణి చదవమను" అంది.

వాడు ముభావంగానే చదివాడు. నూలుకైతే ఉప్పు వేయండి, నైలానుకు, పట్టుకు, ఉన్నికైతే వెనిగరు వేయండి అని ఉంది. నేను తెలుగులో చెప్పాను. అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "పట్టుతో కలిపి చెప్పాడా? అయితే పులుపు పడాలిరా. పట్టుకు పులుపు పడితేనే రంగు పట్టు చిక్కేది. నువ్వు ఉప్పు పోశావు."

మన సంఘంలో కెమిస్టులున్నారు, వారికి ఇది చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. మిగిలినవారికోసం రాస్తున్నాను. నైలాన్‌ను డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో తయారుచేసింది. 1940లో మేజోళ్ళుగా అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది. పట్టుకు బదులుగా వాడిన ఈ కృత్రిమ వస్తువు లోపలి అల్లికలో కూడా పట్టుకు చుట్టమే. రెండింటి గొలుసుల్లోనూ ఎమైడ్ ముడులే ఉంటాయి, కొసల్లో అమీన్ గుంపులుంటాయి. నీటిలో పులుపు ఉంటే ఆ అమీన్‌లు ధనావేశం పుచ్చుకుంటాయి. ఆసిడ్ రంగులనే జాతి రంగుల అణువులు ఋణావేశంతో ఉంటాయి. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇక వేడి దేనికంటే, నైలాన్ బిగువు సడలి రంగు లోపలికి దూరడానికి. బజార్లో దొరికే పెట్టెలో నూలుకు పట్టే రంగూ నైలానుకు పట్టే రంగూ కలిపే ఉంటాయి. అందుచేత మన ముక్కలు తమ వాటా తాగేశాక కూడా నీళ్ళు రంగుగానే ఉంటాయి. నీళ్ళు తేటపడతాయేమోనని కనిపెట్టుకు కూర్చోనక్కరలేదు.

సరే. మా ఆవిడ పాతసామాన్ల దుకాణంలో డాలరు పెట్టి పైన చెప్పిన గిన్నె కొనుక్కొచ్చి, పప్పుగిన్నె మళ్ళీ ముట్టుకుంటే ఊరుకోనంది. న్యాయమే. గుడ్డల రంగు పడిన గిన్నె, గరిటె మళ్ళీ వంటకు పనికిరావు. కిటికీ తెరిచి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని మొదలుపెట్టాం. మాం అంటే వాళ్ళిద్దరూ. నేను దుబాసీని.

అమ్మ మొదట అంట్లు తోమే సబ్బుతో, పాత పళ్ళబ్రష్షుతో చేతులన్నీ రుద్దించింది. అచ్చులోంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసే జిడ్డు, పందెంలో పట్టిన గ్రీజు, మన వేళ్ళ చమురు, ఏది మిగిలినా అక్కడ రంగు పట్టదు. తరువాత వేడినీళ్ళలో నానబెట్టింది. రెండు క్వార్టుల నీళ్ళలో రంగు, పావుకప్పు తెల్ల వెనిగరు. నీళ్ళు తెర్లనివ్వలేదు. అంచున ఆవిరి పట్టి చిన్న బుడగలు లేస్తూంటే అక్కడే మంట తగ్గించింది. థర్మామీటరు పెట్టి చూశాను, 190 ఫారన్‌హీటు, అంటే సుమారు 88 సెంటీగ్రేడు. ముక్కలు అడుగుకు తగలకుండా తీగకు గుచ్చి వేలాడదీయించింది. గరిటె తిప్పుతూనే ఉండాలంది. ఆగితే ముక్కకు గాలి బుడగ అంటుకుని, ఆ చోట మచ్చ మిగులుతుందట.

వాడు తిప్పాడు. ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మధ్యమధ్య ఒక ముక్క పైకెత్తమని, వెలుతురులో చూసి, "ఇంకా" అనేది. ఆ "ఇంకా" వాడికి పట్టుబడింది. పది నిమిషాలకు వాడే ఎత్తి చూపించి, "ఇంకా?" అని అడగడం మొదలుపెట్టాడు. తడిమీద రంగు ముదురుగా కనిపిస్తుంది గనుక మనం కోరినదానికంటే ఒక పిసరు ఎక్కువే తీయాలని ఆవిడ లెక్క. నలభై నిమిషాలకు మచ్చలు కలిసిపోయి, చేతులు చిక్కటి నీలిమందు రంగుకు వచ్చాయి. చన్నీళ్ళలో రంగు దిగడం ఆగేదాకా కడిగి, వెనక వరండాలో ఆరబెట్టారు. ఆ రాత్రి భోజనం దగ్గర వాడు నాతో మాట్లాడాడు. కారు గురించే, అయినా మాటే.

ఈ పనికి పూనుకునే కుర్రవాళ్ళ తల్లిదండ్రులకు కొన్ని సంగతులు. ఏ ప్లాస్టిక్కో తెలుసుకోకుండా నీళ్ళలో వేయకండి, నాలా. కొన్ని ముక్కల లోపలివైపు అచ్చులోనే అక్షరాలుంటాయి. పీఏ అంటే నైలాన్, దిగులు లేదు. పీపీ అంటే పాలీప్రొపిలీన్, దానికి ఈ రంగు అసలు అంటదు. అక్షరాలు లేకపోతే నీళ్ళలో వేసి చూడండి. పాలీప్రొపిలీన్ తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. మునిగినవన్నీ నైలాన్ అనుకోరాదు. అసిటాల్ కూడా మునుగుతుంది, రంగు మాత్రం దాదాపు పట్టదు. ఏబీఎస్, పాలీస్టైరిన్ మరిగే నీటి వేడికే మెత్తబడి వంకర పోతాయి. నా పెట్టె అటువంటిదే. ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ కొమ్మ పారేయకుండా ఉంచితే, ముందు దానిమీద పరీక్ష చేయవచ్చు. రంగు పైపొరలోకే దిగుతుంది. పెయింటులా పెచ్చులూడదు గాని, లోతుగా గీరుకుంటే లోపలి తెలుపు కనిపిస్తుంది. ఇప్పటి కార్లకు ఎక్కువభాగం గాజుపీచు కలిపిన నల్ల ముక్కలే వస్తున్నాయి. నలుపుమీద ఏ రంగూ వేయలేము. అందుకే ఆర్‌పీఎం వంటి కంపెనీలు రంగు వేసుకోవడానికని ప్రత్యేకంగా తెల్ల ముక్కలు అమ్మాయి.

ఇంకొక లాభం ఉంది, అది పందెగాళ్ళకు బాగా తెలుసు. ఎండిన నైలాన్ పెళుసు. నీరు పీల్చుకుంటే సాగుడు గుణం వచ్చి దెబ్బకు తట్టుకుంటుంది. బాగా నానిస్తే బరువులో ఎనిమిది శాతం దాకా నీరు తాగుతుంది. చలికాలంలో రంగుతో నిమిత్తం లేకుండా ఊరికే ఉడకబెట్టేవారు కూడా ఉన్నారు. అయితే నీరు తాగిన ముక్క రవ్వంత ఉబ్బుతుంది, ఇనుప పిన్ను బిగుసుకుంటుంది. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి బిగించుకోవాలి. పళ్ళచక్రాల జోలికి మాత్రం వెళ్ళవద్దు. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా అరుపులు మొదలవుతాయి.

అమ్మ 1994లో చీరాలలోనే పోయింది. కారు అట్టపెట్టెలో అటక మీద ఉండిపోయింది. పోయిన నెల మా మనవడు, పదకొండేళ్ళవాడు, దాన్ని బయటికి లాగాడు. తొట్టె బంగారురంగు అలాగే ఉంది. నీలం కొద్దిగా వెలిసింది, రెండు చేతులమీద గీతలు పడి తెల్లగా కనిపిస్తున్నాయి. వాడు నలుపు వేద్దామన్నాడు.

నాకు మనసొప్పలేదు. అద్దకంలో ముదురువైపే దారి ఉంది, వెనక్కి దారి లేదు. నలుపు వేశామా, అమ్మ వేసిన నీలం పోయినట్టే. ఈ కారు తొలినాటి రూపాన్ని కంపెనీవారు 2013లో మళ్ళీ తెచ్చారు గదా, దాని ముక్కలు ఎక్కడైనా దొరుకుతాయేమో చూసి వాటికి వేసుకుందువు, ఇవి అలా ఉంచు అన్నాను. వాడు కారు పెట్టెలో పెట్టేసి కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ కూర్చోవడం నేను ఎరుగుదును.

మా పెద్దవాడికి ఫోను చేసి చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "నాన్నా, నాయనమ్మ వెలిసిన చీరలన్నీ ఏం చేసేదని చెప్పావు నువ్వు?" అన్నాడు. నిజమే. మా చిన్నప్పుడు వెలిసిన చీరను అమ్మ ఎన్నడూ దాచుకోలేదు. ఇంకో ముదురు రంగులో ముంచి మళ్ళీ కట్టుకునేది.

శనివారం గిన్నె దించాను. సబ్బు, బ్రష్షు, నానబెట్టడం, వెనిగరు, అన్నీ వాడిచేతనే చేయించాను. నలుపు అన్నిటికంటే నిదానం. తొందరపడి తీస్తే ఊదాగానో గోధుమగానో మిగులుతుంది. గంట దాకా పట్టింది. వాడు తిప్పుతూ తిప్పుతూ, ముత్తవ్వ ఏ భాషలో మాట్లాడేదని, అసలు చీరాల ఎక్కడుందని అడుగుతూంటే నేను చెబుతూ ఉండిపోయాను. తిప్పడం ఎప్పుడు ఆగిందో ఇద్దరమూ గమనించలేదు.

తీసి కడిగితే నిగనిగలాడే నలుపు. ఒక చేతికి పిన్ను దూర్చే రంధ్రం పక్కన మాత్రం చిటికెనవేలి గోరంత నీలం మిగిలింది, బుడగ నిలిచిన చోట. మనవడు అది చూపించి, "ఇంకోసారి ముంచుదామా తాతా?" అన్నాడు.

స్టవ్ ఆర్పేశాను లేరా, అన్నాను.