చేయెత్తి నిలబడే ఉద్యోగం

మా నాతవరం కుర్రవాడొకడు, డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివినవాడు, ఇప్పుడు కానిస్టేబులు. సంక్రాంతికి వచ్చి కూర్చుని, "రాత్రి తనిఖీలో దూరాన్నుంచి లైట్లు చూస్తేనే తెలుస్తుంది మాస్టారూ. ఆగేబండి నెమ్మదిస్తుంది, ఆగనిది జోరు పెంచుతుంది" అన్నాడు. పక్కనే వున్న వాళ్లమ్మ, "అయితే నువ్వు వారకి నిలబడరా బాబూ" అంది. వాడు నవ్వి వూరుకున్నాడు. వారకి నిలబడితే ఏ బండి ఆగుతుంది?

మా ప్రాంతం ఎరగనివారికి ఒక మాట. చింతపల్లి ఏజన్సీ కొండలు దిగిన గంజాయి నర్సీపట్నం మీదుగా మైదానానికి వచ్చి, పెద్దరోడ్డెక్కి దేశం మీద పడుతుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు ఠాణాలమీద పడ్డదీ ఈ కొండల్లోనే. ఈ రెంటికీ పోలిక తెచ్చే కుర్రాళ్లను క్లాసులో కేకలేస్తుంటాను. అది దేశంకోసం, ఇది డబ్బుకోసం.

2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లా కె.వి. పల్లె మండలంలో ఎర్రచందనం దొంగలు కారుతో గుద్ది గణేష్ అనే కానిస్టేబుల్‌ను పొట్టన పెట్టుకున్నారు. 2025 వచ్చిన రాత్రే కాకినాడ జిల్లా కృష్ణవరం టోల్‌గేటు దగ్గర ఒక గంజాయి కారు ఆగినట్టే ఆగి, పోలీసులమీదికి దూకింది.

చట్టం లేదా అంటే, వుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, విధి నిర్వహణలో వున్న ఉద్యోగిపై దౌర్జన్యానికి 2 ఏళ్లదాకా, గాయపరిస్తే 5 ఏళ్లదాకా, తీవ్ర గాయమైతే 10 ఏళ్లదాకా శిక్ష. హత్యాయత్నంలో గాయమైతే యావజ్జీవందాకా వెళ్లవచ్చు. కాని చంపే ఉద్దేశమో, చావు తప్పదన్న ఎరుకో రుజువు కావాలి గదా! "బ్రేకు పడలేదండి, కంగారుపడ్డాను" అంటాడు డ్రైవరు.

ఇక స్టీరింగు ముందు కూర్చున్నవాడి లెక్క చూడండి. 20 కిలోలు మించిన గంజాయితో దొరికితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం తక్కువలో తక్కువ 10 ఏళ్లు, హెచ్చులో హెచ్చు 20. ఆగితే ఆ పదేళ్లూ ఖాయం. గుద్దితే తప్పించుకోవచ్చునేమో! దొరికినా పైన పడేది రెండేళ్లో, అయిదేళ్లో. పాతదానితోపాటే అనుభవించాలా, దాని తరువాతా అన్నది న్యాయస్థానం చేతిలో వుంది.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2017లో చట్టం తెచ్చి, అత్యవసర సిబ్బందిని కావాలని వాహనంతో ప్రమాదంలో పడవేయడాన్నే ప్రత్యేక నేరం చేసింది. 20 ఏళ్లదాకా శిక్ష. ఇంగ్లండులో 2019లో ఆండ్రూ హార్పర్ అనే కానిస్టేబులు దొంగల కారు వెనక పట్టీలో కాలు చిక్కుకుని, రోడ్డువెంట ఈడ్వబడి చనిపోయాడు. హత్యానేరం నిలవలేదు. ఆయన భార్య పట్టువిడవకుండా తిరిగింది. విధిలో వున్న అత్యవసర సిబ్బంది మరణానికి కారకులైతే, హత్యగా రుజువు కాకపోయినా, యావజ్జీవం విధించేట్టు 2022లో అక్కడ చట్టమైంది.

మనకూ అటువంటి ప్రత్యేక సెక్షను కావాలంటాను. గుద్దినందుకు పడే శిక్ష గంజాయి శిక్ష ముగిసిన తరువాతనే మొదలు కావాలి. ఆగిన డ్రైవరుకు కొంత తేడా కనిపించాలి. లేకుంటే ఆగడం దేనికి? ఇంకొకటి. ఆ కారు నడిపేది చాలాసార్లు కూలికి వచ్చిన ఇరవయ్యేళ్ల పిల్లవాడు. సరుకు యజమాని ఎక్కడో మేడమీద నిద్రపోతుంటాడు. ఆ మేడదాకా పోని చట్టం సగం చట్టమే.

పండుగ మర్నాడే మా కుర్రవాడు డ్యూటీకి వెళ్లాడు. వాళ్లమ్మ అరిసెలు కట్టి ఇచ్చింది, ఆ రాత్రి వాడితో నిలబడే నలుగురికీ సరిపోయేట్టు.