బొగ్గులోనికి చొచ్చిన బొగ్గుపులుసు వాయువు

"బొగ్గు రాయే కదండీ, రాయెక్కడైనా ఉబ్బుతుందా?" అని తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న చిన్నదే యైనను, దానికి సమాధానము చెప్పవలెనన్న ముందుగా ఒక లోహపాత్ర చరిత్రను, ఆ పాత్రలో ద్రవమునకును వాయువునకును నడిమి హద్దు చెరిపివేసికొన్న ఒక పదార్థపు స్వభావమును వివరింపవలసియున్నది.

ఆ పాత్రకు మూలపురుషుడు ఫ్రాన్సు దేశీయుడగు కన్యార్ ద లా టూర్. సైరను యంత్రమును కల్పించిన ఈ శాస్త్రజ్ఞునకు ధ్వనులపై మిక్కిలి మక్కువ. కంటికి కనబడని రహస్యమును 1822లో ఆయన చెవితో పట్టుకొనెను. తుపాకిగొట్టపు ముక్కలో కొంత ద్రవమును, ఒక రాతిగుండును ఉంచి, మూతి బిగించి, కాచుచు అటునిటు వంచుచుండగా, గుండు ద్రవములో పడునప్పటి చప్పుడు ఒక వేడిమి దాటగనే పూర్తిగా నిలిచిపోయెను. లోపల ద్రవమనునది వేరుగా లేదు! తరువాత బెల్ఫాస్టు ఆచార్యుడు థామస్ ఆండ్రూస్ సన్నని గాజునాళములలో బొగ్గుపులుసు వాయువును అదిమి, ద్రవోపరితలపు గీత మసకబారి మాయమగుటను కన్నులార చూచి, ఆ స్థితికి సందిగ్ధ బిందువని పేరిడి, 1869లో రాయల్ సొసైటీ యెదుట ఉపన్యసించెను.

31 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రతను, సుమారు 73 వాతావరణముల పీడనమును దాటిన ఈ వాయువు ఉభయలక్షణములు కలదగును. 40 డిగ్రీలకడ, 100 వాతావరణముల పీడనమున దాని సాంద్రత నీటి సాంద్రతలో సగమునకు మించియుండగా, స్నిగ్ధత మాత్రము నీటి స్నిగ్ధతలో పదియవ వంతునకైనను రాదు. సాంద్రత వలన అది కర్బన సమ్మేళనములను కరగించుకొనగలదు; తలతన్యత లేమి వలన ద్రవములు చొరజాలని రంధ్రములలోనికి చొరగలదు. జర్మనీలో మ్యూల్‌హైమ్ నగరపు బొగ్గు పరిశోధనాలయమున కుర్ట్ ట్సోసెల్ కాఫీగింజలనుండి కెఫీనును తీయుటకు వాడినది ఈ ద్రావణినే. భూమిలో సుమారు 800 మీటర్ల లోతు దాటినచో ఈ స్థితికి వలసిన పీడనము సహజముగనే లభించును.

సింగరేణి బొగ్గుపెళ్లను చేతబట్టి చూచినవారు దానిలో సన్నని చీలికలను గమనించియే యుందురు. వాయువు ప్రవహించునది ఆ చీలికలగుండ; నిలువయుండునది మాత్రము వాని నడిమి గట్టిభాగమున, రెండు నానోమీటర్లకు లోబడిన సూక్ష్మరంధ్రములలో. ఆ రంధ్రముల గోడలనన్నిటిని పరచినచో, అనేక జాతుల బొగ్గులలో ఒక్క గ్రామునకే 100 చదరపు మీటర్లకు మించిన వైశాల్యము తేలును. గనులలో ప్రమాదములకు హేతువగు మీథేను ఆ గోడల నంటియుండును. బొగ్గుపులుసు వాయువు అంతకన్న గాఢముగా అంటుకొని దానిని స్థానభ్రష్టము చేయును.

ఇచటనే నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము మొదలగుచున్నది. బొగ్గు కేవలము రాయి కాదు. పూర్వయుగముల వృక్షజాలము అణిగి మాగి, పెనవేసికొనిన బృహదణువుల అల్లికగా పరిణమించిన పదార్థము. సందిగ్ధస్థితిని దాటిన వాయువు ఆ అల్లిక నడుమ దూరి, బంధములను సడలించి, దానిని ఉబ్బజేయును. చుట్టునున్న శిలలు వెలుపలికి పెరుగనీయవు కనుక, వానకాలమున చెమ్మ పీల్చిన తలుపు చట్రములో బిగిసికొనినట్లు, ఉబ్బిన బొగ్గు తన చీలికలనే తాను మూసికొనును. అదే సమయమున ఆ వాయువే రంధ్రములలో చిక్కియున్న చిన్న హైడ్రోకార్బనులను కరగించి వెలికితీయుచు, గనిలోని నీటితో కలిసి కార్బానికామ్లమై, చీలికలలో పేరుకొనిన సున్నపురాతి ఖనిజమును తినివేయుచు, మూసిన దారులను తెరచుచుండును. ఈ రెంటిలో ఏది గెలుచుననునది బొగ్గు జాతిని, చెమ్మను, పీడనమును, కాలమును బట్టియుండును. ప్రయోగశాలలో ఈ వాయువుతో నింపిన ఉక్కుపాత్రలో పొడిచేసి ఉంచిన బొగ్గునకు ఉబ్బుటకు అడ్డులేదు. భూగర్భమున శిలాభారము క్రింద నలుగు బొగ్గునకు ఆ స్వేచ్ఛ లేదు. రంధ్రములు పెరిగినవని ఒకరును, తరిగినవని మరియొకరును చెప్పు ఫలితములు పరస్పర విరుద్ధములుగ తోచుటకు ఇదియే ముఖ్యకారణమని నా నమ్మకము.

కొలుచుటలోను ఒక చిక్కు కలదు. రంధ్రములను కొలుచుటకు సాధారణముగా వాడు నత్రజని -196 డిగ్రీల చలిలో మందగించి, బొగ్గులోని అతిసూక్ష్మ రంధ్రములలోనికి పోజాలదు; కావున శాస్త్రజ్ఞులు సున్న డిగ్రీలకడ, అల్పపీడనమున, బొగ్గుపులుసు వాయువునే కొలమానముగా గ్రహింతురు. కొలువబడు వస్తువును మార్చగల పదార్థమే కొలబద్దయైనదన్నమాట.

తదుపరి చరిత్ర త్వరగా ముగియును. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రపు ఆలిసన్ క్షేత్రమున 1995 మొదలు 2001 వరకు మీథేనును వెలికితీయుటకై బొగ్గుపొరలోనికి బొగ్గుపులుసు వాయువును పంపగా, బొగ్గు ఉబ్బి, బావి వాయువును గ్రహించు వేగము తగ్గెను. జపానులో హొక్కైడో ద్వీపపు యూబారి యొద్దను ఇదే కష్టము ఎదురుకాగా, అచటివారు కొంతకాలము నత్రజనిని పంపిచూచిరి. అంతగా అంటుకొనని నత్రజని లోపలి వాయువును కదలించుటచే బొగ్గు కొంత కుంచించుకొని, చీలికలు తెరచుకొని, పంపకపు వేగము హెచ్చెను. మరల బొగ్గుపులుసు వాయువును పంపనారంభించిన పిమ్మట ఆ హెచ్చు నిలువక, బొగ్గు తిరిగి ఉబ్బసాగెను.