సెంట్రల్ లైన్ దగ్గర సిస్టర్ మాట

ఐసీయూలో ఉన్న రోగిని చూడ్డానికి వెళ్లినప్పుడు మెడ పక్కనో, కాలర్ ఎముక కిందో ఒక సన్నని గొట్టం లోపలికి వెళ్లి ఉండటం చాలామంది గమనించే ఉంటారు. దాన్ని సెంట్రల్ లైన్ అంటారు. చేతికి పెట్టే క్యాన్యులా చిన్న సిరలోనే ఆగిపోతుంది. ఈ గొట్టం కొస మాత్రం గుండెకు చేరువలో, పెద్ద సిరలో ఉంటుంది. పడిపోతున్న రక్తపోటును నిలబెట్టే మందులు, చేతి సిరలు తట్టుకోలేని ఘాటైన మందులు దీనిగుండానే ఎక్కిస్తారు. రోగి ప్రాణం నిలిపే ఆ దారిలోనే సూక్ష్మజీవులు కూడా నేరుగా రక్తంలోకి వెళ్లగలవు.

అవి వచ్చేది ముఖ్యంగా రెండు వైపుల నుంచి. లైన్ వేసిన తొలి వారం, పది రోజుల్లో ఎక్కువగా గుచ్చిన చోటి చర్మం మీది నుంచి గొట్టం బయటి గోడ వెంట లోపలికి పాకుతాయి. రోజులు గడిచేకొద్దీ సిరంజి తగిలించే మూతి, అంటే హబ్, వాటికి ద్వారమవుతుంది. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బ్యాక్టీరియా మనందరి చర్మం మీదా ఏ హానీ చేయకుండా బతుకుతుంది. అదే ప్లాస్టిక్ గొట్టం దొరికితే అతుక్కుపోయి, నీళ్ల తొట్టె గోడకు పాకుడు పట్టినట్టు, తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. దీన్ని బయోఫిల్మ్ అంటారు. ఆ పొర మాటున ఉన్నవాటిని యాంటీబయాటిక్ పూర్తిగా చంపలేదు. అందుకే చాలాసార్లు లైన్ తీసేయక తప్పదు. పైగా మన దేశపు ఐసీయూల్లో ఎక్కువగా కనిపించే క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా చాలా మందులకు లొంగడం మానేశాయి. జబ్బు వచ్చాక మందు వెతుక్కోవడం కన్నా రాకుండా చూడటమే ఇక్కడ అసలు వైద్యం.

అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో 2001లో పీటర్ ప్రోనోవోస్ట్ అనే ఐసీయూ వైద్యుడు ఒక కాగితం మీద ఐదు పనులు రాశారు. చేతులు కడుక్కోవాలి. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయాలి. డాక్టర్ టోపీ, మాస్కు, స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకుని, రోగి ఒళ్లంతా స్టెరైల్ గుడ్డ కప్పాలి. వీలైనంతవరకు తొడ దగ్గరి సిర వాడకూడదు. అవసరం తీరిన లైన్‌ను వెంటనే తీసేయాలి. ఇందులో డాక్టర్లకు తెలియనిది ఒక్కటీ లేదు. అయినా లైన్ వేస్తున్నప్పుడు ఒక నెలపాటు గమనించమని నర్సులకు చెబితే, మూడో వంతుకు పైగా రోగుల విషయంలో ఏదో ఒక పని తప్పిపోతోందని తేలింది. సామాను తలోచోటా ఉండటం కూడా ఒక కారణం. దాంతో అన్నీ ఒకే బండిలో సర్ది మంచం దగ్గరికి తెచ్చే ఏర్పాటు చేశారు.

ఆ తర్వాత చేసిన పని నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. ఒక్క మెట్టు తప్పినా డాక్టర్‌ను ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. ఆసుపత్రి యాజమాన్యం ఆమె వెనుక నిలబడింది. అక్కడ 1998 మొదట్లో వెయ్యి లైన్ రోజులకు (ఒక రోగికి లైన్ ఉన్న ఒక్కో రోజు ఒక లైన్ రోజు) 11.3గా ఉన్న ఇన్ఫెక్షన్లు 2002 చివరికి సున్నాకు చేరాయి. మిషిగన్ రాష్ట్రంలో నూరుకు పైగా ఐసీయూల్లో ఇదే పద్ధతి పెట్టి, 2006లో ఫలితాలు ప్రచురించారు. సగటు 7.7 నుంచి ఏడాదిన్నరలో 1.4కు పడిపోయింది.

చెక్‌లిస్టు అచ్చువేయడం ఏ ఆసుపత్రికైనా తేలికే. "సార్, ఆగండి, గుడ్డ జరిగింది" అని చిన్న వయసు సిస్టర్ సీనియర్ డాక్టర్‌తో అనగలగడం, అన్నాక ఆమెకు మాట పడకపోవడం, అదీ కష్టమైన భాగం. డాక్టర్‌కు ఎదురు మాట్లాడటం అమర్యాద అని అందరూ అనుకునే వార్డులో ఈ కాగితం గోడకు వేలాడే అలంకారంగానే మిగిలిపోతుంది.

లైన్ వేయడం కొద్దిసేపటి పని. దాన్ని కాపాడటం మాత్రం రోజుల తరబడి సాగే నర్సింగ్ పని. మందు ఎక్కించే ప్రతిసారీ హబ్‌ను ఆల్కహాల్ స్వాబ్‌తో గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. ఆరడం కూడా శుద్ధిలో భాగమే. తడి మీదే సిరంజి బిగిస్తే రుద్దిన శ్రమంతా వృథా. పారదర్శకమైన డ్రెస్సింగ్‌ను ఏడు రోజులకోసారి, గాజు గుడ్డ అయితే రెండు రోజులకోసారి మార్చాలి. తడిసినా, అంచు లేచినా అప్పటికప్పుడే మార్చాలి. రక్తం ఎక్కించిన ట్యూబుల సెట్టును 24 గంటలు దాటనివ్వకూడదు. ప్రతి ఉదయం రౌండ్స్‌లో "ఈ లైన్ ఇంకా కావాలా?" అని అడగాలి. అవసరం తీరాక కూడా 'రేపు చూద్దాం' అంటూ వదిలేసిన లైన్ ఒక్కో రోజు గడిచేకొద్దీ రోగికి ముప్పు పెంచుతుంది.

ఇవన్నీ చేయడానికి సిస్టర్‌కు తీరిక ఉండాలి. అమెరికాలో ఒక సర్జికల్ ఐసీయూలో ఈ ఇన్ఫెక్షన్లు ఉన్నట్టుండి పెరిగితే, కారణం వెతికిన పరిశోధకులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో నర్సుల కొరతను ప్రధానంగా చూపారు. మన ఆసుపత్రుల్లో రాత్రి షిఫ్టులో ఒక్క సిస్టర్‌కు ఎన్ని ఐసీయూ మంచాలు అప్పగిస్తున్నారో యాజమాన్యాలు లెక్క చూసుకోవాలి. ఆ లెక్క సరిచేయకుండా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడల్లా సిస్టర్‌నే నిలదీయడం అన్యాయం.