ధ్రువజ్యోతి - మన కొలాబా

2024 మే నెలలో కెనడాలో ఉన్న మా మేనల్లుడు ఒక ఫోటో పంపినాడు. ఇంటి పెరటి మీద ఆకాశంలో ఆకుపచ్చ తెరలు వ్రేలాడదీసినట్టు, వాటి పై అంచున కుంకుమ చల్లినట్టు ఉన్నది. పిల్లలు అబ్బురపడి చూచారు. ఎనభై దాటిన మా అమ్మగారు మాత్రం కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూచి, "ఇది లోకానికి మంచిదేనా నాయనా?" అని అడిగారు.

పిల్లలు నవ్వారు గాని, మాకు నవ్వు రాలేదు. దిక్కులు మండినట్టు ఎఱ్ఱబడడాన్ని మన పెద్దలు దిగ్దాహమన్నారు. వరాహమిహిరుని బృహత్సంహితలో దానికొక అధ్యాయమే ఉన్నది. ఆకాశం రంగు మారితే మనిషికి గుండె ఝల్లుమనడం సహజం. అమ్మగారికి సరియైన సమాధానం చెప్పవలెనని సెలవు దినాలలో కొంత చదివాము. చదివిన కొద్దీ, ఆ కథలో ముఖ్యమైన ఘట్టం మన ముంబయిలోని కొలాబాలోనే జరిగిందని తెలిసి ఆశ్చర్యపోయాము. నాలుగు తరాలుగా ఈ ఊళ్ళో ఉంటున్న మాకే తెలియలేదంటే, తోటి సభ్యులలో కొందరికైనా ఇది కొత్తదై ఉంటుందని ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందు ఆ వెలుగు సంగతి. సూర్యుడు పైకి కనబడేటంత ప్రశాంతుడు కాడు. సుమారు పదకొండేళ్ళకొకసారి ఆయన బింబం మీద మచ్చలు బాగా పెరుగుతాయి. ఆ మచ్చల దగ్గర ఒక్కొక్కప్పుడు పెద్ద పేలుడు జరిగి, విద్యుత్తు నిండిన కణాల మేఘం అంతరిక్షంలోకి ఎగసి వస్తుంది. సూర్యుని వెలుగు పదిహేను కోట్ల కిలోమీటర్లు దాటి మనను చేరడానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఈ మేఘానికి మాత్రం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. భూమి ఒక పెద్ద అయస్కాంతం గనుక, వచ్చిన కణాలను ధ్రువాల వైపు మళ్ళిస్తుంది. అక్కడ అవి పై గాలిని తాకినప్పుడు, దుకాణాల బోర్డు మీది నియాన్ దీపంలో వాయువు వెలిగినట్టే ఆ గాలి వెలుగుతుంది. నూరు కిలోమీటర్ల ఎత్తు దాటిన తరువాత ఆక్సిజన్ ఆకుపచ్చగాను, రెండు వందల కిలోమీటర్ల పైన అదే ఆక్సిజన్ ఎఱ్ఱగాను వెలుగుతుంది. ఇదే ధ్రువజ్యోతి.

ఇక కొలాబా కథ. 1859 సెప్టెంబరు 1వ తేదీన ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళజ్ఞుడు సూర్యుని మచ్చల బొమ్మ గీసుకుంటుండగా, వాటి మధ్య కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లని వెలుగు కొద్ది నిమిషాలు మెరిసి ఆరిపోయింది. పదిహేడున్నర గంటలలోనే తుఫాను భూమిని తాకింది. ఉష్ణమండల దేశాలలో సైతం ఆకాశం ఎఱ్ఱబడింది. అమెరికాలో బోస్టన్, పోర్ట్‌లండ్ ఊళ్ళ మధ్య తంతి ఉద్యోగులు బ్యాటరీలు తీసివేసి, తీగలలోకి ఆకాశం నుంచి వచ్చిన విద్యుత్తుతోనే సుమారు రెండు గంటలసేపు వార్తలు పంపుకున్నారు.

ఆ సమయానికి బొంబాయిలో పగలు పదకొండు గంటల ప్రాంతం. కనుక ఎవరికీ వెలుగు కనబడలేదు. కాని కొలాబా అబ్జర్వేటరీలో అయస్కాంతపు కొలతలు గంట గంటకూ కంటితో చూచి చేతితో వ్రాసే ఆచారం ఉండేది. గడబిడ ఎక్కువైతే అయిదేసి నిమిషాలకొకసారి వ్రాసేవారు. ఆ రోజున భూమి అయస్కాంత బలం హఠాత్తుగా 1600 నానోటెస్లాలు పడిపోయింది. అంటే నూటికి సుమారు నాలుగు వంతులు. ఇంగ్లండులోని యంత్రాలలో గీత కాగితం దాటి పోయింది. ఇక్కడి అంకెలు నిలిచినవి. 2003లో మన శాస్త్రజ్ఞులు, విదేశీ శాస్త్రజ్ఞులు కలసి ఆ పాత పద్దులను పరిశీలించి, ఆ మహా తుఫాను తీవ్రతను లెక్క కట్టారు.

మేము గుమాస్తా పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాము. ఎవరూ చూడని రిజిస్టరులో వేళకు అంకె వేయడం ఎంత విసుగో మాకు తెలుసు. ఏమిటో తెలియకపోయినా కనబడినది కనబడినట్టు వ్రాసిన ఆ సహాయకులకు మేము మనసులోనే నమస్కరించాము. తరువాత కరెంటు ట్రాములు రానున్నవని, వాటి వల్ల కొలతలు చెడిపోతాయని, ఆ పనిని 1904లో అలీబాగ్‌కు మార్చారు. నేటికీ అక్కడ సాగుతున్నది.

బొంబాయి వాసులు ఈ వెలుగును కళ్ళారా చూచిన రాత్రి కూడా ఒకటున్నది. 1872 ఫిబ్రవరి 4, ఆదివారం. ఆ రాత్రి వెలుగు కనబడిందనీ, సముద్రపు తంతి తీగలు గంటల తరబడి చెడినవనీ ఇక్కడి పత్రికలో పడింది.

మరి కీడున్నదా? నేల మీద ఉన్న మన ఒంటికి లేదు. తీగలకున్నది. 1989 మార్చి 13న ఇటువంటి తుఫాను వల్ల కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో అరవై లక్షల మందికి సుమారు తొమ్మిది గంటలు కరెంటు పోయింది. 2024 మేలో అమెరికాలో ఉపగ్రహాల ఆధారంతో నడిచే ట్రాక్టర్లు దారి తప్పి, విత్తనాల వేళ రైతులు పనులు ఆపుకోవలసి వచ్చింది. అందుకే ముందుగా తెలియడం అవసరం. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1, పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన నిలిచి సూర్యుని కనిపెట్టి చూస్తున్నది. కొడైకెనాల్‌లోనయితే నూరేళ్ళకు పైగా సూర్యుని ఫోటోలు తీస్తూనే ఉన్నారు.

2024 మే 10వ తేదీ రాత్రి లడఖ్‌లోని హాన్లేలో కెమెరాలకు ఎఱ్ఱని వెలుగు చిక్కింది. దూరాన ఉన్న దీపస్తంభంలో పై దీపం మాత్రమే కనబడినట్టు, అంత దక్షిణాన ఉన్నవారికి ధ్రువజ్యోతి పైభాగపు ఎఱుపే అందుతుంది. మన ముంగిట దాని కోసం కాచుకోవడం వృథా. నార్వే, కెనడా, అలాస్కా వంటి చోట్ల మన పిల్లలున్నవారు మాత్రం వారికి చెప్పండి: సెప్టెంబరు నుంచి మార్చి వరకు, వెన్నెల లేని రాత్రి, ఊరి దీపాలకు దూరంగా, అర్ధరాత్రి వేళకు అటూ ఇటూ ఉత్తర దిక్కును చూడాలి. కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వాలి. చలికి తగిన బట్టలు మరువరాదు.

ఇదంతా చెప్పినప్పుడు అమ్మగారు శ్రద్ధగా విన్నారు. "అయితే దేవుడి కోపం కాదన్నమాట. మన కరెంటు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి" అన్నారు. తరువాత ఆ ఫోటో వెనుక తేదీ, వేళ, ఊరి పేరు వ్రాసి ఉంచమన్నారు. వ్రాశాము. మీ ఇళ్ళకూ అటువంటి ఫోటోలు వస్తే అట్లాగే వ్రాసి ఉంచవలసినదిగా మా మనవి.