గాలి కొలిచే దూరం

2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం దారి మార్చింది. అంతకుముందు అది పడమరగా, అట్లాంటిక్ దాటి, సుమారు 13,900 కిలోమీటర్లు ఎగిరేది. కొత్త దారి తూర్పుకి, పసిఫిక్ మీదుగా, సుమారు 15,300 కిలోమీటర్లు. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణమేమో పదహారున్నర గంటల నుంచి పద్నాలుగున్నరకు తగ్గింది.

అసలు ఈ రెండు ఊళ్ల మధ్య దూరమెంత? పసిఫిక్ మధ్యకు వచ్చేలా గీసిన మెర్కేటర్ పటం మీద స్కేలు పెట్టి కలిపితే, ఆ గీత వెంట దాదాపు 14,900 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం బిగించి చూడండి: 12,400 చాలు. దారం సైబీరియా మీదుగా పైకెక్కి, ఆర్కిటిక్‌లో 75 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, అలాస్కా వైపు దిగుతుంది. గుండ్రటి భూమిని మెర్కేటర్ పద్ధతిలో బల్లపరుపుగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి ప్రాంతాలు విపరీతంగా సాగిపోతాయి. పటంలో చుట్టుదారిలా కనిపించేదే నిజానికి దగ్గరిదారి.

అయితే దారం వెళ్లినచోటల్లా విమానం వెళ్లలేదు. ఢిల్లీ దాటగానే హిమాలయాలు, ఆ వెనక టిబెట్ పీఠభూమి. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్‌లో నేలే 4,500 మీటర్ల ఎత్తున ఉంటుంది!

ఇక గాలి సంగతి. భూమధ్యరేఖ వైపు వేడికీ ధ్రువాల వైపు చలికీ ఉన్న తేడా వల్ల, భూభ్రమణం వల్ల, 9–12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం సాగుతుంది. చలికాలంలో గంటకు 200 కిలోమీటర్ల వేగం దానికి మామూలే. 1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి ఈ గాలులను కొలిచాడు. ఫలితాలను ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు. ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. అంత గొప్ప పరిశీలనకు దక్కాల్సిన గుర్తింపు అది కాదు.

విమానం వేగం నేలతో పోల్చి కాదు, చుట్టూ ఉన్న గాలితో పోల్చి లెక్క. అది గంటకు 900 కిలోమీటర్లనుకుందాం. అట్లాంటిక్ దారిలో పదహారున్నర గంటలకు విమానం కోసుకుంటూ వెళ్లిన గాలి 14,850 కిలోమీటర్లు. నేల మీద కలిసొచ్చింది 13,900. మిగతాది ఎదురుగాలికి అర్పణం. పసిఫిక్ దారిలో పద్నాలుగున్నర గంటలకు 13,050 కిలోమీటర్ల గాలి కోస్తే, వాలుగాలి ఇంకో 2,250 కిలోమీటర్లు మోసుకుపోయింది. విమానానికి నిజమైన దూరం అది కోసుకుంటూ వెళ్లిన గాలేనని నా అభిప్రాయం. ఇంధనం ఖర్చయ్యేది కూడా ప్రధానంగా ఈ లెక్కనే.

తిరుగు ప్రయాణం కూడా అప్పట్లో తూర్పుకే, అట్లాంటిక్ మీదుగా సాగేది. అంటే ఆ విమానంలో కాలిఫోర్నియా వెళ్లొచ్చిన మనిషి భూమిని పూర్తిగా ఒక చుట్టు చుట్టి వచ్చినట్టే.