ఈకల బంతి, జిగురు బంతి: స్నేహాన్ని విడదీసిన గోల్ఫ్ ఆవిష్కరణ

గోల్ఫ్‌లో తొలి వృత్తి ఆటగాడిగా చాలామంది పేర్కొనే అలన్ రాబర్ట్‌సన్‌కు అన్నం పెట్టింది బంతుల తయారీ. స్కాట్లండ్ తూర్పు తీరాన ఉన్న సెయింట్ ఆండ్రూస్‌లో 1815లో జన్మించిన ఆయనకు ఆ పని వంశపారంపర్యంగా వచ్చింది. ఆటలో ఆయనను మించినవారు లేరన్న ఖ్యాతి ఊరు దాటి వ్యాపించింది. అటువంటి వ్యక్తి జీవనాధారాన్నే కదిలించిన ఒక కొత్త బంతి 1848 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చింది.

అప్పటిదాకా వాడుకలో ఉన్నది ఈకల బంతి. పదును చేసిన తోలు ముక్కలను కలిపి కుట్టి, చిన్న రంధ్రం మాత్రం వదిలి, ఉడకబెట్టిన పక్షి ఈకలను ఇనుప ఊచతో అందులోకి కూరేవారు. ఒక్కో బంతికి పొడవాటి టోపీ నిండా ఈకలు పట్టేవని చెబుతారు. తడి ఆరేటప్పుడు తోలు ముడుచుకుంటుంది, లోపలి ఈకలు విచ్చుకుంటాయి. ఈ రెండు ఒత్తిళ్ల మధ్య బంతి రాయిలా గట్టిపడుతుంది. నేర్పరి అయిన పనివాడు రోజంతా కష్టపడినా తయారయ్యేవి మూడు నాలుగే. ఊచను ఛాతీ బలంతో నొక్కాలి, ఈకల ధూళిని పీల్చాలి. వానలో తడిస్తే ఆ బంతి బరువెక్కేది, కుట్లు ఊడిపోయేవి. ధర మాత్రం రెండున్నర షిల్లింగులు, ఒక్కోసారి అంతకు మించి. గోల్ఫ్ సంపన్నుల వినోదంగా మిగిలిపోవడానికి ఇదొక ప్రధాన కారణం.

ఆ రోజుల్లో వృత్తి ఆటగాడు అంటే నేటి అర్థం వేరు. టోర్నమెంట్లు లేవు, జీతం లేదు. బంతులు, కర్రలు చేయాలి, పెద్దమనుషుల వెంట క్యాడీగా నడవాలి, వారు కాసిన పందేలకు ఆడాలి. రాబర్ట్‌సన్ దుకాణంలో టామ్ మోరిస్ అనే కుర్రవాడు పద్నాలుగేళ్ల ప్రాయం నుంచి పని నేర్చుకున్నాడు. గురుశిష్యులు జంటగా ఆడితే ఎదురు నిలవడం కష్టమయ్యేది. 1849లో మసెల్‌బరోకు చెందిన డన్ సోదరులతో 400 పౌండ్ల పందెం జరిగింది. మొదటి మైదానంలో చిత్తుగా ఓడిన ఈ జంట రెండోదానిలో గెలిచింది. నార్త్ బెరిక్‌లో జరిగిన నిర్ణాయక పోరులో ఎనిమిది గుంతలే మిగిలి ఉండగా నాలుగు గుంతలు వెనకబడి కూడా నెగ్గింది.

కొత్త బంతి ముడిసరుకు మలయా అడవుల్లోని చెట్ల పాలు, గట్టా పెర్చా. వేడినీటిలో మెత్తబడి, చల్లారితే గట్టిపడే జిగురు అది. తూర్పు దేశాల నుంచి ఒక విష్ణు విగ్రహాన్ని ఈ జిగురు ముక్కల మధ్య పొదిగి సెయింట్ ఆండ్రూస్‌కు పంపారని, ఆ ముక్కలతోనే తొలి బంతి తయారైందని ఒక కథ ప్రచారంలో ఉంది. నమ్మదగినదా అన్నది వేరే సంగతి, వినడానికి మాత్రం ముచ్చటగా ఉంటుంది. ధర షిల్లింగ్ దరిదాపుల్లోనే. పగిలితే కరిగించి మళ్లీ చేసుకోవచ్చు. నున్నటి కొత్త బంతి గాలిలో సరిగా నిలిచేది కాదు, గీతలు పడ్డ పాత బంతి చక్కగా పోయేది. దాంతో తయారీదారులే సుత్తితో గాట్లు పెట్టసాగారు. ఇప్పటి గోల్ఫ్ బంతి మీది గుంటలకు మూలం ఇదే.

రాబర్ట్‌సన్ దీనిని గట్టిగా వ్యతిరేకించారు. కొత్త బంతులను కొనుగోలు చేసి కాల్చివేశారని కూడా అంటారు. ఒకనాడు ఆటలో తన బంతులు అయిపోగా మోరిస్ మరొకరి జిగురు బంతిని అరువు తీసుకొని ఆడాడు. సంగతి రాబర్ట్‌సన్‌కు తెలిసింది. మైదానంలో ఆయన ఏమీ అనలేదు, దుకాణంలో మాత్రం మాటామాటా పెరిగింది. మోరిస్ బయటికి వచ్చి సొంతంగా వ్యాపారం పెట్టుకున్నాడు. 1851లో పశ్చిమ తీరంలోని ప్రెస్ట్‌విక్‌కు వెళ్లి, అక్కడ 12 గుంతల మైదానాన్ని తీర్చిదిద్దాడు.

రాబర్ట్‌సన్ పట్టుదల ఎంతోకాలం సాగలేదు. కొద్ది సంవత్సరాలలోనే ఆయనా జిగురు బంతులు చేయడం ప్రారంభించారు. భయపడినట్టు వ్యాపారం మునిగిపోలేదు. చవక బంతి కొత్త ఆటగాళ్లను తెచ్చింది, గిరాకీ పెరిగింది. గట్టి బంతిని ఇనుప కర్రతో నిస్సంకోచంగా కొట్టవచ్చు గనుక, గుంతకు చేరువలో క్లీక్ అనే ఇనుప కర్రను వాడే పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చారు. 1858లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సును 79 దెబ్బలలో ముగించారు. అక్కడ 80 లోపు స్కోరు నమోదు కావడం అదే మొదలు. అయితే మసెల్‌బరో యువకుడు విల్లీ పార్క్ విసిరిన సవాళ్లను స్వీకరించకుండా తప్పుకున్నారన్న విమర్శ ఆయనపై ఉంది. అజేయుడన్న పేరును నిలుపుకోవడానికి అదీ ఒక మార్గమే మరి.

1859 సెప్టెంబరు 1న, 44వ పుట్టినరోజుకు పది రోజుల ముందు, రాబర్ట్‌సన్ కామెర్ల వ్యాధితో కన్నుమూశారు. మేటి ఎవరన్న ప్రశ్న మళ్లీ తెరపైకి వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరు 17న ప్రెస్ట్‌విక్‌లో ఎనిమిది మంది వృత్తి ఆటగాళ్లు, ఎర్రటి తోలు బెల్టే బహుమతిగా, 36 గుంతల పోటీకి దిగారు. నేటి ఓపెన్ చాంపియన్‌షిప్ అలా మొదలైంది. 174 దెబ్బలతో విల్లీ పార్క్ విజేతగా నిలిచారు. రెండు దెబ్బల తేడాతో రెండో స్థానం పొందినది టామ్ మోరిస్.